తప్పిన అడుగు, తప్పని తాళం

మా పిన్ని కొడుకు పెళ్లి ఊరేగింపు నారాయణగూడ దాటి చిక్కడపల్లి వైపు తిరిగింది. నెత్తిన మెట్రో వంతెన, కింద బ్యాండు. 2020లో ఆ దారిలో మెట్రో నడవడం మొదలైనప్పటి నుంచీ ఆ రోడ్డు మీద డ్రమ్ము మోత మారిపోయింది. ఒక్క దెబ్బ కొడితే పైకప్పుకు తగిలి రెండుగా తిరిగొస్తుంది. గుర్రం మీద పెళ్లికొడుకు, ముందు తీన్మార్‌కు ఎగురుతున్న దోస్తులు, రెండు పక్కలా లైట్ల గుత్తులు మోస్తున్న ఆడవాళ్లు, అన్నిటి వెనక తోపుడు బండి మీద జనరేటరు.

ఆ జనరేటరు ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయింది. లైట్ల గుత్తులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ట్రంపెట్లు పాట మధ్యలో ఎక్కడివక్కడ ఆగాయి. పెద్ద బాకా ఊదే ఆయన మాత్రం చూసుకోక ఇంకొక్క స్వరం లాగాడు. ఆ ఒంటరి మోతకు గుర్రం చెవులు నిక్కించింది. అందరూ వెనక్కి తిరిగారు. బండి దగ్గర పదహారేళ్ల కుర్రాడు జనరేటరు తాడు చుట్టి ఒక్క గుంజు గుంజాడు. స్టార్టు కాలేదు. సరిగ్గా అతని చెయ్యి వెనక్కి వచ్చిన క్షణాన పెద్ద డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడింది. జనం నవ్వారు. కుర్రాడు మళ్లీ చుట్టాడు, సైడ్ డ్రమ్ము సన్నగా గరగరమని మోగుతూ ఉండిపోయింది. గుంజాడు, మళ్లీ దెబ్బ. నాలుగో గుంజుకు రోడ్డు మీదున్న వాళ్లంతా ఊపిరి బిగబట్టారు. అయిదోదానికి ఇంజను అందుకుంది, లైట్లు వెలిగాయి, ట్రంపెట్లు ఆపిన చోటే పాట ఎత్తుకున్నాయి. ఆ రెండు నిమిషాల్లో నవ్వినంతగా ఆ పెళ్లిలో మేమింకెప్పుడూ నవ్వలేదు.

వాద్య బృందంలో నవ్వు ఎక్కడ పుడుతుందన్నది చాలాకాలంగా నా మనసులో ఉన్న ప్రశ్న. ఆ రాత్రి నుంచి ఈ బరాత్‌ను మరో రెండింటి పక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి, అమెరికాలో డ్రమ్ములు, బ్యూగిల్ బాకాలతో మైదానాల్లో కవాతు చేసే కుర్రకారు దళాలు. వాటిని పాత వీడియోల్లో చూశాను. రెండోది, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కళ్లెదుట చూసిన బుర్రకథ. మూడింటిలోనూ నవ్వు పుట్టింది తప్పులోంచే. ఎవరి తప్పు, దాన్ని సరిదిద్దిందెవరు అన్న దగ్గరే తేడా అంతా ఉంది.

ముందు పుట్టుక సంగతి. బ్యాండు వాళ్ల కోట్లు, భుజాల మీది బంగారు కుచ్చులు, టోపీలు పటాలం నుంచి వచ్చినవే. నిజాం సైన్యానికి బ్యాండ్లుండేవి, సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంగ్లీషు పటాలాలకూ ఉండేవి. తీన్మార్‌కు వరసైన మర్ఫా కూడా కొలువు వాద్యమే. నిజాం దగ్గర సిపాయిలుగా చేరిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు దాన్ని తెచ్చారు. ఆ సిద్దీల అశ్వదళం పేరే ఈనాటికీ ఏసీ గార్డ్స్ పేటకు మిగిలింది. అమెరికా దళాల కథా అంతే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు ఊరూరా పిల్లలకు డ్రమ్ములు, బ్యూగిళ్లు ఇచ్చి కవాతు నేర్పాయి. ఆ సంఘాల పెత్తనం వద్దనుకున్న దళాలు 1971లో సొంత సంస్థ కట్టుకుని, 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో మొదటి జాతీయ పోటీ జరుపుకున్నాయి. సిపాయి కొలువులో అడుగు తప్పడం నేరం. అటువంటి ఇంట్లో పుట్టిన వాద్యానికి నవ్వు అంత తేలిగ్గా పట్టుబడదు.

అమెరికా పోటీల్లో ఆ నేరానికి లెక్క కూడా ఉండేది. 1980ల మొదటి ఏళ్ల దాకా న్యాయనిర్ణేతలు కాగితం, పెన్సిలు పట్టుకుని మైదానంలోనే వాయించేవాళ్ల మధ్య తిరిగేవాళ్లు. ఒక పుల్ల ముందు పడితే ఒక గీత, ఒక మోకాలు ఆలస్యంగా లేస్తే ఇంకో గీత. గీతకు పాయింటులో పదో వంతు కోత. ఆ రోజుల్లో న్యూజెర్సీలోని బయోన్ ఊరి నుంచి బ్రిడ్జ్‌మెన్ అనే దళం వచ్చింది. మొదట చర్చి నీడలో నడిచిన బృందమది. 1970ల రెండో సగంలో వాళ్లు పటాలం దుస్తులు తీసేసి పొడవాటి పసుపు కోట్లు, వెడల్పు అంచు టోపీలు వేసుకున్నారు. వాళ్ల పేరు చెప్పగానే చూసినవాళ్లందరికీ గుర్తొచ్చేది ఒక్క ఘట్టం. వాద్యం ఉధృతంగా సాగి సాగి, చటుక్కున దళమంతా మూర్ఛపోయినట్టు నేల మీద పడిపోతుంది. వందమందికి పైగా మనుషులు, భుజాన డ్రమ్ములతో, చేతిలో బాకాలతో, పచ్చగడ్డి మీద పసుపు మూటల్లా. మైదానం చుట్టూ ఒక్క పెట్టున కేకలు.

ఆ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. పదోసారి చూసినప్పుడు ఆ ధైర్యానికి కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్క మోకాలు తప్పితేనే గీత గీసే మనిషి పక్కన నిలబడి ఉండగా, అందరి మోకాళ్లూ ఒకేసారి వంచేశారు. అంతమందీ ఒకే మాత్రలో పడాలంటే నిలబడి వాయించే దానికన్నా సాధన ఎక్కువ కావాలి. ఒక్కడు అరక్షణం ఆలస్యంగా పడితే చాలు, హాస్యం అక్కడే చచ్చిపోయి నిజం పొరపాటు మిగులుతుంది. కాలిఫోర్నియాకు చెందిన వెల్వెట్ నైట్స్ దళం 1980ల్లో ఎర్ర కాన్వాసు బూట్లతో దిగి నవ్వులాటనే తమ గుర్తుగా చేసుకుంది. ఎర్ర బూటు నాకూ ముచ్చటగానే ఉంటుంది. అయినా బూటు మొదటి అడుగుకే కనిపించేస్తుంది, ఆ తర్వాత దానికి దాచుకోవడానికేమీ ఉండదు. మూర్ఛ అలా కాదు, అంతసేపు నిటారుగా నిలబడిన తర్వాతే దానికి విలువ.

ఇక గానసభ. ముప్పయ్యేళ్లుగా నేను వెళ్తున్న చోటు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పత్రికలు తిరగేసి, సాయంత్రం ఆరున్నరకు ఆ మెట్లెక్కే వాళ్లలో నేనొకణ్ని. ఆ రోజు కృష్ణా తీరం నుంచి వచ్చిన బృందం బొబ్బిలి యుద్ధం చెబుతోంది. బుర్రకథ ఎరిగిన వాళ్లకు ఏర్పాటు తెలిసిందే. నడుమ తంబూరా భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడుక్కుని కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. ప్రపంచంలో ఎన్ని వాద్య బృందాలున్నాయో గాని, నవ్వించడం ఒక డ్రమ్ము మనిషికి పని కింద అప్పగించి, వేదిక మీద అతనికో చోటు ఇచ్చిన బృందం ఇంకోటి నాకు కనిపించలేదు.

కథ 1757కు వచ్చింది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు మాట విని బొబ్బిలి కోట మీదికి వస్తున్నాడు. కథకుడు గొంతు పెంచాడు. గుమ్మెటలు జోరందుకున్నాయి. "బుస్సీ వచ్చాడు" అన్నాడాయన. హాస్యం వంత చటుక్కున అరచెయ్యి గుమ్మెట మూతి మీద ఆనించాడు. మోత కోసేసినట్టు ఆగింది.

"బస్సొచ్చిందా? సికింద్రాబాదుదా, కోఠీదా?"

"బస్సు కాదురా, బుస్సీ!"

"అదేలే గురూ. టిక్కెట్టు లేకుండా మన కోట ఎక్కేస్తాడా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా తగ్గకముందే, సరిగ్గా అది తగ్గుముఖం పట్టే మాత్ర చూసుకుని, అతని చెయ్యి గుమ్మెట మీద నుంచి లేచింది. మొదటి దెబ్బ పడింది, తందాన అందుకుంది. ఆపడానికి ముందు ఏ నడకలో ఉందో అదే నడక. నా పక్క కుర్చీలో పెద్దాయన తొడ మీద తాళం వేస్తున్నాడు. మాట నడుస్తున్నంతసేపూ ఆయన వేలు ఆగలేదు, చూశాను. మోత లేకపోయినా తాళం నడుస్తూనే ఉంది. వంత మాట్లాడింది ఆ తాళం మీదనే.

బయోన్ కుర్రాళ్ల మూర్ఛ పక్కన ఈ బస్సును పెట్టి చూడండి. రెండూ కావాలని చేసిన తప్పులే. ఆ దళం ఒళ్లంతా తప్పింది, ఈ వంత ఒక్క అక్షరం తప్పాడు. అక్కడ చూసేవాడు మైదానానికి ఎంతో దూరాన, పై వరుసల్లో కూర్చుని ఉంటాడు. కనుబొమ ఎగరేస్తే వాడికి కనిపించదు, కాబట్టి వందమంది పడాలి. గానసభ చివరి వరుసకు కూడా వంత ముక్కు మీది చెమట కనిపిస్తుంది, ఒక్క పొల్లు చాలు. కొలతను బట్టి హాస్యం మారడం సహజమే. దానికి ఎవర్నీ ఎక్కువ తక్కువ చెయ్యను.

ఇద్దరిలో ఎవరు నన్ను ఎక్కువగా కట్టేస్తారంటే మాత్రం వంతే. కారణం బొబ్బిలి కథలోనే ఉంది. టిక్కెట్టు మాటకు నవ్విన హాలు అరగంటలో కోట లోపలి ఆడవాళ్ల చావు వినాలి. తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి పోయి పగ తీర్చుకోవడం వినాలి. ఆ ఘట్టం రాగానే హాస్యం వంత నోరు మెదపలేదు. గుమ్మెట మాత్రం మోగింది, లోతుగా, ఆగి ఆగి. అంతకుముందు మనల్ని నవ్వించిన అరచెయ్యే అది. ఆ నవ్వుకు గుండె తలుపు తీసి ఉంచాం గనుక దుఃఖం అదే తలుపులోంచి నేరుగా వచ్చింది. బ్రిడ్జ్‌మెన్ పడి లేచిన తర్వాత ఏమీ పోగొట్టుకోలేదు. ఏడుపు వాళ్ల కథలో లేదు.

ఈ కళను నిలబెట్టిన మనిషి షేక్ నాజర్‌ను ఇక్కడ తలుచుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయన ఊరు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పినప్పుడు, ఆ పాత తందాన కథకు నటన, రాగం, ఆనాటి రాజకీయం ఎక్కించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. అటు మద్రాసు రాజ్యంలో ఇంగ్లీషువాళ్లు, ఇటు హైదరాబాద్‌లో నిజాం సర్కారు బుర్రకథను నిషేధించారంటే ఆ గుమ్మెటలకు ఎంత భయపడ్డారో చూడండి. పోలీసుకు రాజకీయం వంత మాట తెలుస్తుంది, రాసుకుంటాడు. హాస్యం వంత ఏదో పేరును తప్పు పలికితే జనం ఘొల్లుమంటారు, రాసుకోవడానికి మాత్రం కాగితం మీద ఏమీ మిగలదు. అమెరికా న్యాయనిర్ణేత పెన్సిలుకు బయోన్ దళం పెట్టిన ఇబ్బందే ఇదీ. తప్పు లెక్కపెట్టేవాడి ముందు కావాలని తప్పు చేస్తే వాడు ఏ గడిలో వేస్తాడు?

నవ్వించేవాడి ఎదుట నవ్వనివాడొకడు ఉండాలి. నాకు ఈ మూడింటినీ కలిపే దారం అదే అనిపిస్తుంది. బుర్రకథలో ఆ పని కథకుడిది. ఆయన "బస్సు కాదురా" అని నిజంగా చిరాకు పడకపోతే మాట పండదు. ఆ రోజు కథకుడు ఒక్క పెదవి కూడా కదపలేదు. వంత ఎంత గొప్పవాడైనా సగం మార్కులు కథకుడికే ఇస్తాను. అమెరికా మైదానంలో ఆ నవ్వని మనిషి కాగితం పట్టుకున్న న్యాయనిర్ణేత. మా బరాత్‌లో జనరేటరు కుర్రాడు. వాడు నవ్వించాలనుకోలేదు, వాడి మొహం చెమటతో బిగుసుకుపోయి ఉంది. పెద్ద డ్రమ్ము ఆయన వాణ్ని ఎగతాళి చెయ్యలేదు. వాడి గుంజుకు తాళం ఇచ్చాడు, అంతే. వాడి అవమానాన్ని ఆటగా మార్చాడు. అయిదో గుంజుకు ఇంజను అందుకున్నప్పుడు చప్పట్లు వాడికే పడ్డాయి. వాడు నవ్వింది అప్పుడు.

బరాత్‌లో ఇంకో రకం నవ్వు కూడా ఉంది, దాన్ని దాచను. పెళ్లివారు పదో ఇరవయ్యో నోటు వేళ్ల మధ్య ఆడిస్తూ డ్రమ్ము మనిషిని వెనక్కి వంచుతారు, మోకాళ్ల మీద కూర్చోబెడతారు, పెదాలతో అందుకోమంటారు. జనం నవ్వుతారు. పొట్టకూటి కోసం అతనూ నవ్వుతాడు. అది చూసినప్పుడు నాకు కడుపులో తిప్పుతుంది. అక్కడ డ్రమ్ము వాయించడం లేదు, డబ్బు వాయిస్తోంది. అలాగే బుర్రకథలో కొందరు వంతలు మాట దొరక్క పెళ్లాం మీద, ఒంటి లావు మీద, నలుపు మీద పడతారు. అటువంటి మాటకు ముందు గుమ్మెట ఆపడం కూడా సరిగ్గా ఉండదు, చూసుకోండి. తాళంలోంచి రాని మాట బయటి నుంచి అరువు తెచ్చుకున్నదే అవుతుంది. వెల్వెట్ నైట్స్ బూట్లయినా, బయోన్ మూర్ఛయినా ఎవరినీ తక్కువ చేయవు. ఈ ఒక్క విషయంలో ఆ పిల్లల దగ్గర మనం నేర్చుకోవాలి.

నాలుగోదాన్ని పక్కన పెట్టకుండా పోలేను. ఆషాఢంలో బోనాల ఊరేగింపులకు ఒగ్గు డోళ్లు వస్తాయి. అశోక్‌నగర్ గల్లీల్లో చదువుకునే పిల్లలు ఆ మోతకు రీడింగ్ రూముల్లోంచి పుస్తకాలు మూసి బయటికొస్తారు. గ్రూప్స్ పరీక్షలకు వాళ్లు బట్టీపట్టే జానపద కళల పాఠంలో ఒగ్గు కథ ఉంటుంది, చుక్క సత్తయ్య పేరు ఉంటుంది. జనగామ దగ్గర మాణిక్యాపురం ఆయనది, 2017లో పోయారు. ఒక మార్కు ప్రశ్నగా చదివిన డోలు ఎదురుగా మోగుతుంటే ఆ పిల్లల మొహాలు వికసించడం చూడాలి. డోలు వాళ్లు వలయం తిరిగి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. చిట్టచివర ఒక చిన్నవాడు డోలుతో సహా పైకి పాకుతాడు. కింద ఒకాయన వణికినట్టు మోకాళ్లు ఆడిస్తాడు. గల్లీ అంతా "ఓయ్" అంటుంది. ఆడించాడో నిజంగా వణికాడో ఎవరికీ తెలియదు. పైవాడు మాత్రం పడకుండా వాయిస్తూనే ఉంటాడు. బయోన్ దళం పడి నవ్వించింది, వీళ్లు పడబోయి నవ్విస్తారు. భయం, నవ్వు ఇంత దగ్గరగా ఉండటం నేను మరో వాద్యంలో చూడలేదు.

ఇప్పుడు పెళ్లిళ్లకు డీజే బండి వస్తోంది. లారీ మీద పెట్టెలు, మెట్రో కప్పు కింద గుండె అదిరే మోత. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో వాటిని ఆపారు. నాకున్న బాధ మోత గురించి కాదు. ఆ పెట్టెలకు తప్పు చేయడం రాదు. జనరేటరు ఆగితే డీజే కూడా ఆగిపోతుంది, అంతటితో సరి. తాడు గుంజే కుర్రాడి వైపు తిరిగి చూసి, వాడి చేతికి సరిగ్గా ఒక దెబ్బ వేసే మనిషి ఆ లారీ మీద ఉండడు.

బొబ్బిలి కథ అయిపోయాక వేదిక వెనక్కి వెళ్లాను. హాస్యం వంత గజ్జెలు విప్పి, గుమ్మెటను పాత పంచెలో చుడుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. చేతికి నీళ్ల సీసా ఇచ్చి, "ఆ బస్సు మాట మీరు ముందే అనుకున్నదేనాండీ?" అని అడిగాను.

"అబ్బే, అదంతా ఊరిని బట్టండీ. మధ్యాహ్నం దిగంగానే బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని చూశాం. ఇక్కడ బస్సే అనుకున్నాను."

"మరి మీ వైపు?"

"మా వైపు పొలాల మధ్య ఆడతాం కదండీ. అక్కడ పాము. గురువుగారు బుస్సీ అనగానే, బుస్సుమందా అని నేను కాళ్లు పైకి పెట్టేసుకుంటా. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఆడాళ్లు కూడా కాళ్లు దగ్గరికి లాగేసుకుంటారు." నవ్వాడు. ముడి బిగించి, గుమ్మెటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకున్నాడు. "కోఠీ బస్సు ఎక్కడ ఆగుతుందో కాస్త చూపించండి బాబూ, రాత్రి బండికి పోవాలి."

ఇద్దరం కలిసి నడిచాం.